మొదటి పీరియడ్ లెక్క

ప్రశ్న: మా అమ్మాయికి కాకినాడలో బి.టెక్. సీటు వచ్చింది. అమలాపురం నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తానంటోంది. ఓరియెంటేషన్‌కి తల్లిదండ్రులూ రావాలన్నారు. మేం వెళ్లి ఏం చేయాలి? పొద్దున్నే మొదటి క్లాసు లేకుండా టైమ్‌టేబుల్ మార్చమని అడగొచ్చా?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. టైమ్‌టేబుల్ సంగతి మాత్రం ఎత్తకండి. దాన్ని సెక్షన్ మొత్తానికి కలిపి వేస్తారు. ల్యాబు ఎప్పుడు ఖాళీ, ఏ లెక్చరర్‌కి ఇంకో సెక్షన్‌లో క్లాసు లేదు అని చూసుకుంటూ గళ్లు నింపుతారు. ఒక గడి కదిపితే నాలుగు చెదురుతాయి.

‘మొదటి పీరియడేగా, పోతే పోయింది’ అనుకుంటే ఒకసారి లెక్క చూడండి. రోజుకు 6 పీరియడ్లు, సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుంటే మొత్తం 540. హాజరు 75 శాతం ఉండాలంటే 135కి మించి పోకూడదు. రోజూ మొదటిది పోతే 90 అక్కడికే సరి. మిగిలినవి 45. మొదటిది ఎలాగూ పోయింది కాబట్టి రోజుకు ఐదు చొప్పున తొమ్మిది రోజులు. జ్వరాలు, పెళ్లిళ్లు, అంతర్వేది తీర్థం అన్నీ అందులోనే సర్దుకోవాలి. పొద్దున్నే ల్యాబు పడిన రోజు ఆలస్యమైతే ఒక పీరియడ్‌తో పోదు, ల్యాబంతా పోతుంది. జేఎన్‌టీయూ కాకినాడ కింది కాలేజీల్లో హాజరు 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకు మన్నింపు, అడగొచ్చు. 65 కూడా లేకపోతే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి.

కాబట్టి ఓరియెంటేషన్‌లో అడగాల్సినవి: మొదటి బెల్లు ఎన్నింటికి, కాలేజీ బస్సు మీ వైపు ఎక్కడిదాకా వస్తుంది, హాస్టల్లో ఖాళీ ఉందా. క్లాసులు మొదలవక ముందే ఒక సోమవారం పొద్దున అమ్మాయితో కలిసి ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా వెళ్లి చూడండి. ఆదివారం వెళ్తే అసలు రద్దీ తెలీదు.

హాజరు మెసేజీలకు మీ సొంత నంబరు మీ చేత్తోనే రాయండి. స్నేహితుల నంబరు ‘నాన్న’ పేరుతో ఇచ్చే పిల్లలున్నారు! ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ అమ్మాయితోపాటు మీరూ ఇవ్వాలి, అదీ ఏటా. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్సులు మూడు సెట్లు చాలు.

మొదటి ఏడాది సబ్జెక్టులు ఎంచుకునే పని దాదాపు ఉండదు. ఎలక్టివ్‌లు, అంటే ఎవరికి వారు ఎంచుకునే సబ్జెక్టులు, తర్వాత వస్తాయి, అప్పుడు పోర్టల్‌లో టిక్కు అమ్మాయినే పెట్టనివ్వండి. మీరు చూడాల్సింది ఆఖరి తేదీ ఒక్కటే.