స్పీడ్ గవర్నర్ మీద డ్రైవర్ల కోపం వేగం గురించేనా?

భారీ లారీలకు స్పీడ్ గవర్నర్ (బండిని నిర్ణీత వేగం దాటనివ్వని పరికరం) తప్పనిసరి చేస్తే డ్రైవర్లు ఎందుకు అంతగా వ్యతిరేకిస్తారు, వేగంగా పోనివ్వరనే కోపమేనా అని మీరు అడిగారు. గవర్నర్ లేని బండ్లను పదకొండేళ్లు, ఉన్న బండ్లను తొమ్మిదేళ్లు నడిపాను. వేగం తగ్గిందని కోపగించే డ్రైవర్లు లేకపోలేదు గానీ, నాతో మాట్లాడినవారిలో ఎక్కువ మంది ఫిర్యాదు వేరు: బండి వేగానికి కళ్లెం వేసినవారు సరుకు చేర్చాల్సిన గడువు జోలికి మాత్రం పోలేదు.

నా సంగతే చెబుతాను. అంతకుముందు పది గంటల్లో ముగించే ఒక ట్రిప్పు, బండికి 80 కిలోమీటర్ల దగ్గర గవర్నర్ బిగించాక పదకొండున్నర గంటలు పట్టసాగింది. ఓనరు గడువు మార్చలేదు, ఆలస్యమైతే కోత మానలేదు, కూలి ట్రిప్పు లెక్కనే ఇచ్చాడు. ఆ గంటన్నర నా నిద్రలోంచి పోయింది. అరకొర నిద్రతో 80లో పోయే డ్రైవరు, కడుపునిండా నిద్రపోయి 90లో పోయేవాడికంటే క్షేమమని నాకు ఎవరూ నచ్చజెప్పలేరు.

ఇక రెండో ఫిర్యాదు ఓవర్‌టేక్ గురించి. దీన్ని బయటివారు సరిగా అర్థం చేసుకోరు. అన్ని లారీలకూ ఒకే పరిమితి పెట్టినా అవన్నీ కచ్చితంగా ఒకే వేగంతో పోవు. గేర్‌బాక్సు దగ్గరి సెన్సారు షాఫ్టు తిరిగిన లెక్కను బట్టి వేగం కడుతుంది కాబట్టి, అరిగిన టైర్ల బండి కొత్త టైర్ల బండికంటే కాస్త వెనకబడుతుంది. తేడా గంటకు 2 కిలోమీటర్లు అనుకోండి. రెండు బండ్ల పొడవులు, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపి 90 మీటర్లు అదనంగా పోవాలంటే రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది, ఆలోపు రోడ్డు మూడున్నర కిలోమీటర్లు గడిచిపోతుంది. జర్మనీలో దీన్ని ‘ఏనుగుల పందెం’ అని ఎగతాళి చేస్తారు. వెనక కార్లవాళ్లు హారన్లు కొట్టి తిట్టేది మమ్మల్నే.

విశాలమైన రోడ్డు మీద అది చిరాకుతో పోతుంది, రెండు వరుసల రోడ్డు మీద ప్రాణాల మీదికి వస్తుంది. ఒకసారి ఎత్తు ఎక్కుతూ ఆయాసపడుతున్న లోడు లారీని దాటుదామని ఖాళీ బండితో పక్కకు వచ్చాను. ఎత్తు అయిపోగానే పల్లం మొదలై దాని బరువే దాన్ని ముందుకు తోసింది. నా బండి మాత్రం యాక్సిలరేటరును నేలకు నొక్కినా 80 దగ్గరే నిలిచింది. పక్కపక్కనే పోతూండగా ఎదురుగా బస్సు లైట్లు కనిపించాయి. బ్రేకు వేసి వెనక్కి తగ్గుదామంటే అప్పటికే నా చోటులో ఒక కారు దూరి ఉంది. ఆ లారీ డ్రైవరు పెద్ద మనసుతో బ్రేకు తొక్కి, రమ్మని చెయ్యి ఊపాడు కాబట్టి బతికిపోయాను. ఇలాంటప్పుడు కొద్ది క్షణాలు పరిమితి దాటనివ్వాలని కొందరు అడుగుతారు, కానీ అలాంటి మీట ఉంటే దాని మీద వేలు రోజంతా ఉంటుందని నాకు తెలుసు.

పల్లం మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి: మామూలు గవర్నర్ ఇంజనుకు ఇంధనం తగ్గిస్తుందే తప్ప బ్రేకు వేయదు. పోయిన సమయాన్ని పల్లంలో రాబట్టుకుందామని న్యూట్రల్‌లో వదిలే డ్రైవర్లను చూశాను. ఇంజన్ బ్రేకు ఆసరా పోయి, భారమంతా చక్రాల బ్రేకుల మీద పడి, అవి కాలిన వాసన కొట్టే దాకా వారికి తెలియదు. గవర్నర్ పనిచేయకుండా సెన్సారు వైరు పీకించి, ఏమీ జరగనట్టు సీలు మళ్లీ వేయించేవారి గురించి రాయకపోవడమే మేలు.

ఇంత చెప్పినా నేను గవర్నర్ తీసేయమనను. 100లో పోయే బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి, అదే బండి 80లో పోయేటప్పటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. 40 టన్నుల లోడు వెనక ఉన్నప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. ఇంకో మేలు, డ్రైవర్లు నలుగురిలో ఒప్పుకోరు గానీ, ఫోనులో తొందరపెట్టే ఓనరుకు ‘బండి పోదండీ’ అని నిజాయితీగా చెప్పగల వీలు.

యూరప్‌లో 12 టన్నులు దాటిన లారీలకు 90 పరిమితిని 1992 నాటి ఆదేశంతో తెచ్చి, తర్వాత మూడున్నర టన్నులు దాటినవాటికీ విస్తరించారు. కెనడాలో ఒంటారియో, క్విబెక్ రాష్ట్రాలు 2009 నుంచి 105 దగ్గర కట్టాయి. అమెరికాలో 2016లో 60, 65, 68 మైళ్ల ప్రతిపాదనలు పెట్టి, 2025లో విరమించుకున్నారు. కార్లు 70 మైళ్లకు పైగా పోయే రోడ్ల మీద నెమ్మది లారీని వెనకనుంచి గుద్దుతారని అక్కడ సొంత లారీలు నడుపుకునే డ్రైవర్లు వాదించారు. వేగాల మధ్య అంత తేడా ఉన్నచోట ఆ భయం న్యాయమే. లారీల చట్టబద్ధ పరిమితే 80 అయిన రోడ్డు మీద అదే వాదన ఎత్తుకోవడం మాత్రం నాకు సాకులా తోస్తుంది.

కొత్తగా గవర్నర్ బండి ఎక్కుతున్నవారైతే, జీతం మాట్లాడుకునే రోజే గడువు లెక్క కూడా కొత్త వేగం మీద కట్టించుకోండి, ట్రిప్పు కూలి బదులు గంటల కూలి అడగండి. రోడ్డు మీద మరో లారీ మిమ్మల్ని దాటుతుంటే యాక్సిలరేటరు కాస్త వదిలి ఐదు కిలోమీటర్లు తగ్గండి. అది నిమిషం లోపే మీ ముందుకు వచ్చేస్తుంది.