జానెడు లాగితే గది దాటే కారు

ప్రశ్న: మా అబ్బాయి బొమ్మ కారును నేలకు అదిమి జానెడు వెనక్కి లాగి వదిలితే, అది గది ఆ చివరిదాకా పోతోంది. లాగింది జానెడే కదా, మిగతా దూరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? బ్యాటరీ కారు కూడా ఇలాగే నడుస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇక్కడ లెక్క సరిపోవలసింది దూరానికి కాదు, పనికి. మనం ప్రయోగించిన బలాన్ని, ఆ బలం దిశలో వస్తువు జరిగిన దూరంతో హెచ్చవేస్తే వచ్చేదే పని. మీ అబ్బాయి సగటున 1.5 న్యూటన్ల బలంతో కారును 20 సెంటీమీటర్లు లాగాడనుకుందాం. అతడు చేసిన పని 0.3 జౌళ్లు. గచ్చు మీద ఆ కారును ఆపే నిరోధం 0.1 న్యూటనే అయితే, అంత శక్తితో అది 3 మీటర్ల దాకా పోగలదు. లోపలి పళ్లచక్రాల రాపిడికి కొంత పోతుంది కాబట్టి నిజంగా పోయేది అంతకంటే కాస్త తక్కువే. అంటే లాగేటప్పుడు ఎక్కువ బలం, తక్కువ దూరం; పరుగెత్తేటప్పుడు తక్కువ బలం, ఎక్కువ దూరం. అదనపు శక్తి ఎక్కడి నుంచీ రాలేదు.

ఈ మార్పిడి చేసేది వెనుక చక్రాల ఇరుసు దగ్గర ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా. వీలైతే పాడైన కారు ఒకటి విప్పి చూడండి: అందులో చుట్టగా చుట్టిన సన్నని ఉక్కు పట్టీ, కొన్ని పళ్లచక్రాలు కనిపిస్తాయి. వెనక్కి లాగినప్పుడు చక్రాలు కొద్దిగా తిరిగినా ఆ స్ప్రింగు బాగా బిగుసుకునేలా ఒక వరుస పళ్లచక్రాలు పనిచేస్తాయి. వదలగానే ఒక పళ్లచక్రం పక్కకు జరిగి, స్ప్రింగు ఒక్క చుట్టు విప్పుకుంటే కారు చక్రాలు ఎన్నో చుట్లు తిరిగేలా మరో వరుస అందుకుంటుంది. స్ప్రింగులో దాగిన స్థితిజ శక్తి అలా గతిజ శక్తిగా మారుతుంది. స్ప్రింగు పూర్తిగా విప్పుకున్న తరువాత కూడా కారు తన వేగంతోనే కొంత దూరం పోయి, ఘర్షణ వల్ల ఆ శక్తి వేడిగా మారిపోయాక ఆగుతుంది. మరీ ఎక్కువగా లాగితే టిక్కుటిక్కుమని చప్పుడు రావడం మీరు వినే ఉంటారు. అది స్ప్రింగు తెగిపోకుండా దాని బయటి కొస డబ్బా గోడ వెంట జారే చప్పుడు. ఆపైన ఎంత లాగినా ఆ శ్రమ నిలవ ఉండదు.

నేలకు నాలుగైదుసార్లు రాసి వదిలే కార్లలో స్ప్రింగు ఉండదు. బరువైన చిన్న లోహచక్రం వేగంగా తిరుగుతూ గతిజ శక్తినే దాచుకుంటుంది.

బ్యాటరీ కారు దారి వేరు. ఘటంలోని రసాయన శక్తి విద్యుచ్ఛక్తిగా, అది మోటారులో అయస్కాంతాల మధ్య ఉన్న తీగచుట్టను తిప్పి యాంత్రిక శక్తిగా మారుతుంది. పెన్సిల్ సైజు ఆల్కలైన్ ఘటం ఒక్కటి సుమారు 10 వేల జౌళ్లు ఇవ్వగలదు కాబట్టి, అది చాలాసేపు పరుగెత్తడంలో వింత లేదు. అయితే అది గోడకు తగిలి ఆగిపోయినప్పుడు వెంటనే స్విచ్ కట్టేయమని పిల్లలకు చెప్పండి. తిరగని మోటారు మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ శక్తి దాదాపు అంతా వేడిగానే మారి తీగచుట్ట మాడిపోవచ్చు.