డెబ్ ఫైల్ ఇరుక్కుంటే ఫార్మాట్ దేనికి?

ప్రశ్న: కావలిలో డీటీపీ షాపు నడుపుతున్నాను. ఉబుంటు (లినక్స్) 22.04లో ప్రింటర్ డ్రైవర్ డెబ్ ఫైల్‌ని (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) డీపీకేజీ (dpkg) కమాండ్‌తో ఎక్కిస్తే ‘డిపెండెన్సీ ప్రాబ్లమ్స్’ అని ఆగిపోయింది. ఇప్పుడు ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా అదే గొడవ. ఫార్మాట్ కొట్టాల్సిందేనా సార్?
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: అంత టెన్షన్ అక్కర్లేదండీ. డీపీకేజీ మీరిచ్చిన ఫైల్‌ని విప్పి పెడుతుందే గానీ దానికి కావలసిన లైబ్రరీలను, అంటే అది ఆధారపడే తోడు ఫైళ్లను (డిపెండెన్సీలు), నెట్ నుంచి తెచ్చుకోదు, అందుకే ఆ డ్రైవర్ సగంలో ఆగి వెనకొచ్చే ప్రతిదానికీ అడ్డం పడుతోంది. టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ (sudo apt update), తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ -ఎఫ్’ (sudo apt install -f) కొట్టండి. ఆప్ట్ అయితే లేనివి నెట్ నుంచి తెచ్చి పని పూర్తి చేస్తుంది, కుదరకపోతే డ్రైవర్‌నే తీసేస్తానంటుంది. ‘వై’ నొక్కే ముందు ఏమేం తీసేస్తుందో ఆ జాబితా చదవండి, చాలామంది చదవరు!

ఎర్రర్‌లో లిబ్‌సీ6 (libc6, సిస్టమ్‌కి మూలమైన లైబ్రరీ) 2.39 కావాలని ఉందా? అయితే ఆ ఫైల్ మీకు పనికిరాదు. అది ఉబుంటు 24.04లో ఉండే వెర్షన్, మీ 22.04లో ఉన్నది 2.35. లిబ్‌సీని మాత్రం చేత్తో మార్చకండి, దాదాపు ప్రతి ప్రోగ్రామూ దానిమీదే నడుస్తుంది. 22.04కి సరిపోయే ఫైల్ దించుకుని, ఫైల్ పేరు ముందు చుక్క, స్లాష్ (./) పెట్టి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’తోనే ఎక్కించండి.