గ్రీన్‌లాండ్‌లో వైకింగ్‌ల ఊళ్లు చూడబోయే అమ్మలూకి

అమ్మలూ,

టికెట్లు బుక్ అయ్యాయని మెసేజ్ పెట్టావు, చాలా సంతోషం. మంచు కొండల గురించి, తిమింగలాల గురించి షిప్‌లో నీకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. దక్షిణ గ్రీన్‌లాండ్‌లో వైకింగ్‌ల, అంటే వెయ్యేళ్ల కిందట ఉత్తర యూరప్ వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ల, పాత ఊళ్ల దగ్గర దిగినప్పుడు ఎలా చూడాలో మాత్రం నేను చెబుతాను, ఎందుకంటే అక్కడే చాలామంది గబగబా నాలుగు ఫోటోలు తీసుకుని, వెనక్కి వెళ్లే బోటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

హంపీ చూసిన కళ్లతో అక్కడికి వెళ్లకు. చాలా చోట్ల గడ్డిలో మోకాలెత్తు రాళ్ల వరసలు, అంతే. కథ తెలిస్తేనే ఆ రాళ్లు మాట్లాడతాయి, కాబట్టి ముందే కాస్త చదువుకో. ఐస్‌లాండ్ నుంచి బహిష్కరణకు గురైన ఎర్ర ఎరిక్ అనే వైకింగ్ నాయకుడు 985 ప్రాంతంలో జనాన్ని వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడ కాపురం పెట్టాడు. అతని ఊరు బ్రాటాలిద్, ఇప్పటి పేరు కస్సియార్సుక్. అక్కడ కనిపించే బుల్లి చర్చి, పొడవాటి ఇల్లు మన కాలంలో కట్టినవే, అసలు పునాదులు వేరే ఉన్నాయి, నీ టైమ్ వాటి దగ్గర గడుపు. ఇంకో మాట, ఆ ఊళ్లో 1924లో ఒకాయన మళ్లీ గొర్రెల పెంపకం మొదలుపెట్టాడు, ఇప్పటికీ చుట్టూ ఉన్నవి ఎవరో ఒకరి పొలాలే. గేటు తీస్తే మళ్లీ వెయ్యి, కోతకు పెంచిన గడ్డి తొక్కుకుంటూ వెళ్లకు.

షిప్ వాళ్లు హ్వాల్సే దగ్గర దింపితే అది నీ అదృష్టం. కకోర్తోక్ ఊరికి దగ్గరే. 1300 ప్రాంతంలో కట్టిన రాతి చర్చి, పైకప్పు పోయింది గానీ గోడలు దాదాపు పూర్తి ఎత్తున నిలబడి ఉన్నాయి. అందరూ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటుంటే నువ్వు లోపలికి వెళ్లి, తూర్పు గోడలో కమాను కిటికీ ఉంటుంది, దాని ఎదురుగా కాసేపు నిలబడు. 1408 సెప్టెంబర్‌లో ఇక్కడ ఒక పెళ్లి జరిగింది, ఆ జంట తర్వాత ఐస్‌లాండ్ వెళ్లిపోయింది. గ్రీన్‌లాండ్ వైకింగ్‌ల గురించి మనకు మిగిలిన చివరి రాతలు ఆ పెళ్లి గురించినవే. ఆ తర్వాత వాళ్లు ఇక్కడి నుంచి కనుమరుగైపోయారు. ఎందుకంటే, చలి పెరిగిందంటారు, వాల్రస్ అనే సముద్ర జంతువు దంతాల వ్యాపారం పడిపోయిందంటారు, ఓడలు రావడం మానేశాయంటారు, ఏ ఒక్కటో కాదు, అన్నీ కలిసి ఉంటాయని నా నమ్మకం. చర్చి అయ్యాక పక్కనే ఉన్న విందు హాలు గోడలు కూడా చూడు, చాలామంది అక్కడిదాకా రారు. గోడల మీద ఎక్కకు, చిన్న రాయి కూడా జేబులో వేసుకోకు. ఈ ప్రాంతంలో చాలా భాగం 2017 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

ఇక సామాన్లు. రబ్బరు బోటులో వెళ్తారు, ఒడ్డున నీళ్లలోకే దిగాల్సి రావచ్చు, కాబట్టి మోకాలి దాకా వచ్చే బూట్లు, జీన్స్ బదులు నీళ్లు పీల్చని ప్యాంటు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, కెమెరా బ్యాగులోనే ఉంచి, సిబ్బంది ముంజేయి గట్టిగా పట్టుకో. జులై, ఆగస్టుల్లో గాలి లేని రోజున దోమలు ముసురుతాయి, తల మీద వేసుకునే దోమతెర తప్పకుండా కొనుక్కో. వేసవి మొదట్లో తూర్పు తీరం నుంచి కొట్టుకొచ్చే మంచు దారి మూసేస్తుంది, కెప్టెన్ ప్లాన్ మారిస్తే టెన్షన్ పడకు. హ్వాల్సే తప్పిపోతే ఇగలికు దగ్గర దిగుతారేమో అడుగు, బిషప్ ఉన్న చోటు అది, ఎర్ర ఇసుకరాతి పునాదులు బాగా కనిపిస్తాయి.

మీ బాబాయి