పాలమూరులో అన్ని వలసలుంటే నిరుద్యోగిత రేటు తక్కువెందుకు?

తికమక నిర్వచనం దగ్గరే. ముంబై, పుణె వలస పోయి కూలి చేసేవాళ్లు సర్వే లెక్కలో ఉపాధి ఉన్నవాళ్లే.

1. రేటు కోసం నిరుద్యోగులను శ్రామిక శక్తితో (పనిలో ఉన్నవాళ్లు, పని వెతికేవాళ్లు కలిపి) భాగించాలి, జనాభాతో కాదు. పనివయసువాళ్లు 100, పనిలో 57, వెతికేవాళ్లు 3 అయితే శ్రామిక శక్తి 60, రేటు 5 శాతం.

2. సర్వే వాడే వారపు స్థితి లెక్కలో గడిచిన 7 రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే.

3. పరీక్ష జవాబులో ఎక్కువమంది వదిలేసేది ఇదే: సొంత చేనులో కూలి లేకుండా చేసే ఇంటివాళ్లూ పనిలో ఉన్నట్టే లెక్క. మూడెకరాల మెట్టలో ఇద్దరి పనికి ఐదుగురు దిగితే ముగ్గురిది ప్రచ్ఛన్న నిరుద్యోగిత. రేటులో కనబడదు. పాలమూరు జవాబుకు ఇదే ప్రాణం, ముందు రాయండి.

4. బోరు ఎండి యాసంగి బీడైతే రుతు సంబంధ నిరుద్యోగిత. వెతకడమే మానుకున్నవాళ్లు శ్రామిక శక్తిలోకే రారు.