బ్లడ్ గ్రూప్ కలిసినా క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వస్తే

మీ అక్కగారికి బావగారు కిడ్నీ ఇవ్వబోతే, క్రాస్‌మ్యాచ్ (దాత కణాలను రోగి రక్తంతో కలిపి చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చి ఆపరేషన్ ఆగిపోయిందని, ఎందుకని అడిగారు. మీ అక్కగారి రక్తంలో బావగారి కణాలను ఎదిరించే యాంటీబాడీలు ఉండి ఉంటాయి. ఇద్దరిదీ ఓ పాజిటివే అయినా ఆపరేషన్ ఆపేసింది బహుశా అందుకే. ఇద్దరు పిల్లలన్నారు కదా, బిడ్డలో తండ్రి హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తింపు ప్రోటీన్లు) ఉంటుంది. కాన్పులప్పుడే తల్లి ఒంట్లో ఈ యాంటీబాడీలు పుట్టొచ్చు. రక్తం ఎక్కించినా పుడతాయి. బావగారి కిడ్నీలో లోపం ఉందని కాదు.

1. క్రాస్‌మ్యాచ్ చేసే పద్ధతులు రెండు: సీడీసీ, ఫ్లో. పాజిటివ్ వచ్చింది సీడీసీనా, ఫ్లోనా? సీడీసీ అయితే డీటీటీ (సాధారణంగా హాని చేయని రకం యాంటీబాడీలను పక్కకు తీసే రసాయనం) కలిపి మళ్లీ చేశారేమో అడగండి.

2. చాలామంది వదిలేసేది డీఎస్‌ఏ పరీక్ష, అంటే ఫలానా దాత మీదే ఉన్న యాంటీబాడీలను వెతికేది. యాంటీబాడీ బావగారి మీదే ఉందా, ఎంత బలంగా ఉందో ఆ రిపోర్టులోని ఎంఎఫ్‌ఐ అనే అంకెలో తెలుస్తుంది. తక్కువైతే ప్లాస్మా మార్పిడితో (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం) యాంటీబాడీలను తగ్గించి ముందుకెళ్లే దారి ఉంటుంది. ఎక్కువైతే స్వాప్, అంటే ఇలాగే ఆగిపోయిన మరో జంటతో దాతల్ని మార్చుకోవడం. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దీన్ని అనుమతించింది. ఆస్పత్రి తనంతట చెప్పకపోతే మీరే అడగండి.

3. మీరూ టెస్టు చేయించుకోండి. సొంత తోబుట్టువుల మధ్య హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి.

4. జీవన్‌దాన్‌లో (మరణించినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం) పేరు ఇప్పుడే ఆస్పత్రి ద్వారా నమోదు చేయించండి. ఇంట్లో దాత ఉన్నారని ఆగొద్దు.

ఈలోగా హిమోగ్లోబిన్ పడిపోతే, రక్తం బదులు ఎరిత్రోపోయిటిన్ (ఒంట్లో ఎర్రకణాలు తయారయ్యేలా చేసే మందు), ఐరన్ ఇంజెక్షన్లతో సరిపోతుందేమో నెఫ్రాలజిస్టుని తప్పకుండా అడగండి.