దుంగ ఒకటి, లెక్కలు నాలుగు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇండియా, చైనా సాఫ్ట్‌వుడ్ దిగుమతుల్ని 2010 నుంచి పోల్చి ఇమ్మన్నారని రాశావు. పట్టిక ఒక పూట పని. అంకెల్ని ఒక దారికి తేవడానికి మాత్రం వారం పడుతుంది, మీ మేనేజరుకు ముందే చెప్పి పెట్టుకో.

పేరు చూసి మోసపోకు. సాఫ్ట్‌వుడ్ అంటే పూలు పూయని పైన్, స్ప్రూస్, ఫర్ జాతి చెట్ల కలప, పూలు పూసే చెట్లది హార్డ్‌వుడ్. బూరుగు గోటితో గీస్తే గీత పడేంత మెత్తన, అయినా హార్డ్‌వుడ్డే. సరుగుడు సన్నరెమ్మలు సూది ఆకుల్లా కనిపించినా అదీ హార్డ్‌వుడ్డే.

సరుకుకో అంకెగా దేశాలన్నీ వాడే కస్టమ్స్ కోడుల్లో దుంగలు 4403, ఆరు మిల్లీమీటర్లు దాటిన మందంతో కోసిన చెక్క 4407. 2017 సవరణకు ముందు కోసిన సాఫ్ట్‌వుడ్ అంతా 440710 అనే ఒక్క కోడులోనే ఉండేది. ఆ తర్వాత 440711, 12, 19గా చీలింది, 2022 సవరణలో 13, 14 చేరాయి. పాత కోడునే పట్టుకుంటే 2017లో దిగుమతి సున్నా అని గ్రాఫు చెబుతుంది, నువ్వు దానికి కారణాలు వెతుక్కుంటూ కూర్చుంటావు. దుంగల్లో 440320 కూడా ఇలాగే 21 నుంచి 26 దాకా విడిపోయింది.

దుంగల్నీ చెక్కనీ విడిగా చూసి ఊరుకోకు. రష్యా 2022 జనవరి 1 నుంచి సాఫ్ట్‌వుడ్ దుంగల ఎగుమతి ఆపేసింది. అక్కడి నుంచి చైనాకు ఇక కోసిన చెక్కే రావాలి, కాబట్టి 4403 ఒక్కటే చూస్తే చైనాకు కలప అవసరమే తగ్గిందనుకుంటావు. ఘనమీటరు కోసిన చెక్కకు సుమారు రెండు ఘనమీటర్ల దుంగ పడుతుందని లెక్కేసి, రెండింటినీ దుంగల కొలతలోకి మార్చి కలుపు.

అసలు తంటా కొలతలతోనే. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులున్న దుంగను మన వ్యాపారుల హాప్పస్ పద్ధతిలో కొలిస్తే, చుట్టుకొలతలో నాలుగో వంతు ఒక అడుగు, దాన్ని దానితోనే గుణించి పొడవుతో గుణిస్తే 10 ఘనపుటడుగులు వస్తుంది. నిజానికి అందులో ఉన్న కలప 12.73. అందుకే హాప్పస్ అంకెను 0.785తో భాగించాలి. ఆ తర్వాత 35.3 ఘనపుటడుగులు ఒక ఘనమీటరు. బెంగళూరు మైసూరు రోడ్డులో టింబర్ యార్డ్ లేఅవుట్‌కి టేపు పట్టుకెళ్ళి ఓ దుంగ కొలిచి చూడు, చేతికి తెలుస్తుంది.

కెనడా లెక్కలు బోర్డు ఫుట్లలో (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క ఒక బోర్డు ఫుట్) దొరికితే ఇంకా జాగ్రత్త. వెయ్యి బోర్డు ఫుట్లు కాగితం మీద 2.36 ఘనమీటర్లు. కానీ వాళ్ళు రెండు బై నాలుగు అంగుళాలనే చెక్క నిజంగా కొలిస్తే 38 బై 89 మిల్లీమీటర్లే, కాబట్టి అసలు కలప 1.55 దగ్గర తేలుతుంది.

ప్రతి వరుసలో కిలోల్ని ఘనమీటర్లతో భాగించు. ఆరిన పైన్ చెక్కకు 450–550, పచ్చి దుంగకు సుమారు 800–1000 రావాలి. 50 అనో 5000 అనో వస్తే ఎవరో కొలత తప్పు రాశారని అర్థం, ఆ వరుస పక్కన పెట్టు.

డాలర్లతో పోల్చవద్దు. అమెరికా మార్కెట్లో వెయ్యి బోర్డు ఫుట్ల ధర 2021 మేలో 1,600 డాలర్లు దాటింది, సరుకు మాత్రం అదే. ఎగుమతి దేశం లెక్కతో సరిచూసేటప్పుడు కూడా విలువలు కలవవు, దిగుమతి అంకెలో ఓడ కిరాయి, బీమా కలిసి ఉంటాయి.

మన వాణిజ్య శాఖ ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, చైనాది జనవరిలో. నెలవారీ అంకెలు తీసి నువ్వే కూడుకో.

ముందు 2018 ఒక్క ఏడాదికి చేసి పంపు, చూస్తాను.

మీ పెదనాన్న